ఇంగ్లండు పాత కాలువ పడవలు: యాజమాన్యం, సంరక్షణ

ఇంగ్లండు, వేల్స్‌లలోని ఇరుకు కాలువల మీద సరుకు మోయడానికి కట్టిన పొడవాటి పడవలను నారోబోట్లు అంటారు. నిడివి 70 నుంచి 72 అడుగులు. వెడల్పు ఏడడుగులు, లేదా అంతకు ఒకటి రెండంగుళాలు తక్కువ. 18వ శతాబ్దం చివరి భాగం నుంచి 1970 దాకా బొగ్గు, సున్నపురాయి, పింగాణీ మట్టి, జున్ను, తారు, ధాన్యం వీటి మీద నడిచాయి. ఇవాళ ఆ కాలువల మీద లైసెన్సు ఉన్న పడవలు 30 వేలకు పైనే. వాటిలో చాలావరకు విహారానికో, కాపురానికో గత యాభై ఏళ్లలో స్టీలుతో కట్టినవి. సరుకు మోసిన అసలు పడవలు వాటి మధ్య కొద్దిగానే కనిపిస్తాయి. కొన్ని మ్యూజియాల్లో ఉన్నాయి, కొన్ని స్వచ్ఛంద సంఘాల అధీనంలో ఉన్నాయి, తక్కినవన్నీ మామూలు మనుషుల సొంత ఆస్తి. పాత కోటలకూ చర్చిలకూ ఉన్న చట్టరక్షణ వీటికి లేదు. సొంతదారు మొండిగా పట్టుకున్న పడవ నిలిచింది, పట్టుకోనిది పోయింది.

ఏడడుగుల కొలత

మాంచెస్టరు దగ్గర వర్స్‌లీలో బ్రిడ్జ్‌వాటర్ డ్యూకుకు బొగ్గుగనులు ఉండేవి. ఆ బొగ్గును పట్నానికి చేర్చడానికి 1761లో తెరిచిన కాలువతో ఇంగ్లండులో కాలువల యుగం ఊపందుకుంది. ఆ పనిలో పేరు తెచ్చుకున్న జేమ్స్ బ్రిండ్లీ తర్వాత ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకు రూపకల్పన చేశాడు. అది 1777లో పూర్తయింది, అప్పటికి బ్రిండ్లీ చనిపోయి అయిదేళ్లు. దారికి అడ్డమైన హేర్‌కాసిల్ గుట్టను 2,880 గజాల సొరంగంతో దాటించారు. వెడల్పైన సొరంగం తవ్వాలంటే తలకు మించిన ఖర్చు, వెడల్పైన లాకులు కట్టాలంటే నీళ్లు చాలవు. అందుకని లాకుల వెడల్పు ఏడడుగుల చిల్లర దగ్గర ఆగిపోయింది. చుట్టుపక్కల తవ్విన కాలువలు చాలావరకు అదే కొలత పట్టుకున్నాయి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో లాకులు చూసినవారికి వాటి పనితీరు చెప్పనక్కర్లేదు. మన లాకులో పెద్ద పడవలు పక్కపక్కన పట్టేవి, బ్రిండ్లీ లాకులో ఒకే ఒక్క పడవ, అదీ రెండు వైపులా అంగుళాల సందుతో పడుతుంది.

హేర్‌కాసిల్ సొరంగంలో గుర్రం నడవడానికి గట్టు లేదు. గుర్రాన్ని గుట్ట మీదుగా తోలుకుపోయి, మనుషులు పడవ మీద వెల్లకిలా పడుకుని సొరంగం గోడలను కాళ్లతో తన్నుతూ పడవను ముందుకు నెట్టేవారు. బయట మాత్రం ఒక గుర్రం గట్టు మీద నడుస్తూ పాతిక టన్నుల పడవను తాడుతో లాగుకుపోయేది. రోడ్డు మీద ఎన్నో బండ్లకు సరిపడే బరువు అది.

రైళ్లు వచ్చాక కాలువల రేట్లు పడిపోయాయి. కూలి గిట్టక పడవవాళ్లు ఒడ్డున ఇల్లు వదిలి, పెళ్లాం పిల్లలతో పడవ మీదికే చేరారు. పడవ వెనకభాగంలో పదడుగుల పొడవు, ఏడడుగుల లోపు వెడల్పు ఉన్న గదిలో ఓ కుటుంబం మొత్తం బతికేది. తలుపు పక్కన బొగ్గు పొయ్యి, మూత కిందికి వాలిస్తే భోజనబల్లగా మారే అలమర, పగలు మడిచిపెట్టే అడ్డమంచం, చక్కగా వేలాడే లేసు పళ్లేలు, రంగు బిందె. తలుపుల మీద గులాబీలు, కోటలు గీసే పనితనం ఈ గదుల చుట్టూనే పెరిగింది. జార్జ్ స్మిత్ అనే సంస్కర్త ఆందోళన ఫలితంగా 1877లోనూ 1884లోనూ కాలువ పడవల చట్టాలు వచ్చాయి. కాపురం ఉన్న ప్రతి పడవనూ స్థానిక సంస్థ దగ్గర నమోదు చేయాలి, ఎంతమంది ఉండవచ్చో నిర్ణయించాలి, ఆరోగ్య ఇన్‌స్పెక్టరు చూసిపోవాలి. పడవవాళ్ల బతుకు అప్పటికి దీనివల్ల ఎంత బాగుపడిందన్నది వేరే చర్చ. ఆ రిజిస్టర్లు మాత్రం ఇవాళ పడవల చరిత్ర వెతికేవారికి దొరికే మొదటి దస్తావేజులు.

రెండో దస్తావేజు గేజింగ్ పట్టీ. కొత్త పడవను డాకులో నిలిపి, తెలిసిన బరువుల దిమ్మెలు వేస్తూ, ఒక్కో టన్నుకు అది నీళ్లలోకి ఎంత దిగిందో రాసుకునేవారు. టోలు గుమాస్తా నీళ్ల పైన మిగిలిన అంచును కొలకర్రతో కొలిచి, పట్టీలో చూసి సరుకెంతో తేల్చేవాడు. సుంకం ఎగ్గొట్టకుండా పెట్టుకున్న ఈ లెక్కల వల్ల, పేరు మారినా రంగు మారినా ఫలానా పడవ ఫలానాదేనని వందేళ్ల తర్వాత నిరూపించడం వీలవుతోంది.

చెక్క, ఇనుము, ఇంజను

పాత చెక్కపడవకు పక్కలు ఓకు చెక్కతో, అడుగు ఎల్మ్ చెక్కతో కట్టేవారు. ఎల్మ్ ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉంటే దశాబ్దాలు నిలుస్తుంది, తడుస్తూ ఆరుతూ ఉంటే త్వరగా కుళ్లుతుంది. అందుకే దానికి అడుగుభాగం అప్పగించారు. రెండంగుళాల ఓకు పలకను ఆవిరిపెట్టెలో ఉడకబెట్టి, వేడి తగ్గేలోపు ముక్కు వంపుకు బిగించాలి. అంగుళం మందానికి గంట ఆవిరి అన్నది పనివాళ్ల లెక్క. పలకల సందుల్లో తారులో తడిపిన నార కూరి, పైన కీలు పోసేవారు. పలకల మధ్య, లోపలి పక్కల మీద పూయడానికి ఇంకో లేహ్యం ఉండేది: తారు, ఆవు వెంట్రుకలు, గుర్రపు పేడ కలిపి కాచినది. దీన్ని చాలికో అంటారు. ఇవాళ చెక్కపడవ బాగుచేసేవారిలో కొందరు ఇప్పటికీ ఇదే కాస్తున్నారు. వాసన సంగతి అటుంచితే, కదిలే చెక్కతో పాటు కదిలి పగలకుండా ఉండే పూత అంత చవకగా ఇంకోటి దొరకదు.

19వ శతాబ్దం చివరికి ఇనుప పక్కలు, ఎల్మ్ అడుగు కలిపి కట్టడం మొదలైంది. 1889లో ఏర్పడిన ఫెలోస్ మోర్టన్ అండ్ క్లేటన్ కంపెనీ ఆవిరి పడవలు కూడా నడిపింది. బాయిలరు, ఇంజను సరుకు చోటును తినేశాయి, వాటికి మనుషులూ ఎక్కువ కావాలి. 1910ల నుంచి స్వీడన్ బోలిండర్ ఇంజన్లు వాటి స్థానంలోకి వచ్చాయి. ఒకే సిలిండరు. దాని తలను బ్లోలాంపుతో ఎర్రగా కాల్చి, ఫ్లైవీలును కాలితో తన్ని స్టార్టు చేయాలి. వెనక్కి పోవాలంటే గేరు ఉండదు, ఇంజనునే తిరగబడి తిరిగేలా చేయాలి. ఇది కుదరని రోజున పడవ లాకు తలుపును గుద్దుకునేది. ఇంజను ఉన్న పడవ వెనక ఇంజను లేని జతపడవను కట్టుకుపోవడం మామూలైంది.

ఇప్పుడు నీళ్ల మీద తరచుగా కనిపించే పాత పడవల్లో చాలా భాగం 1930లవి. గ్రాండ్ యూనియన్ కంపెనీ ఆ దశకం మధ్యలో పెద్ద ఎత్తున పడవలు కట్టించింది. నార్త్‌విచ్‌లో యార్వుడ్స్ వారు, వుల్విచ్‌లో హార్లండ్ అండ్ వుల్ఫ్ వారు కట్టారు. టైటానిక్ కట్టిన కంపెనీయే ఇది, లండను శాఖ. కట్టినన్ని పడవలకు నడిపే కుటుంబాలు దొరకలేదు. ఎన్నో పడవలు పని లేక కట్టేసి ఉండిపోయాయి. కంపెనీ లెక్కల్లో అది నష్టం, సంరక్షకులకు వరం. ఎక్కువ అరగని, లోహంతో కట్టిన పడవలు అలా మిగిలాయి.

పోయినవి, మిగిలినవి

1939లో ఎల్.టి.సి. రోల్ట్ అనే ఇంజనీరు క్రెస్సీ అనే పాత చెక్కపడవను ఇల్లుగా మార్చుకుని భార్యతో ప్రయాణం మొదలుపెట్టాడు. 1944లో వచ్చిన ఆయన పుస్తకం ‘నారో బోట్’ చదివి రాబర్ట్ ఐక్‌మన్ అనే రచయిత ఉత్తరం రాశాడు. ఆ పరిచయంతో 1946లో ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ పుట్టింది. కాలువలన్నీ కాపాడాలన్నది ఐక్‌మన్ పట్టు, ఉన్న సరుకు రవాణాను, పడవవాళ్ల జీవితాన్ని నిలబెట్టడం ముందన్నది రోల్ట్ పట్టు. 1951లో రోల్ట్‌ను సంఘం నుంచి వెళ్లగొట్టారు. చరిత్ర ఐక్‌మన్ వైపే నడిచింది: కాలువలు చాలావరకు దక్కాయి, పడవవాళ్ల బతుకుతెరువు దక్కలేదు. ఇంత కదిలించిన క్రెస్సీ కూడా దక్కలేదు.

1948లో కాలువలతో పాటు పెద్ద కంపెనీల పడవలూ ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1962–63 శీతాకాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టాయి. అప్పటికే లారీల చేతిలో దెబ్బతిన్న వ్యాపారం మళ్లీ లేవలేదు. మిగులు పడవలను చవగ్గా అమ్మేశారు. అమ్ముడుపోని చెక్కపడవలను లోతైన మడుగుల్లోకి తోసి ముంచేశారు. తర్వాతి తరం సంరక్షకులు కొన్నింటిని ఆ బురదలోంచే తీయాల్సి వచ్చింది. అవసరానికి మించిన పడవను అలా వదిలించుకోవడం ఆ రోజుల్లో ఎవరికీ తప్పుగా తోచలేదు. పనిముట్టు అరిగితే పారేస్తారు. బర్మింగ్‌హామ్‌లో గది లేని రోజువారీ పడవలు వేలల్లో ఉండేవి. ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల అవే అన్నింటికన్నా ఎక్కువగా పోయాయి.

దూరప్రాంత సరుకు కాంట్రాక్టుల్లో చివరిది 1970 అక్టోబరులో ముగిసింది. ఆథర్‌స్టన్ దగ్గర ఎత్తిన బొగ్గును లండను శివారు సౌతాల్‌లోని జామ్ ఫ్యాక్టరీకి చేర్చే పని అది. ఆ దారిలో నడిచిన జతపడవ రేమండ్‌ను 1958లో బ్రాన్‌స్టన్‌లో కట్టారు. సరుకు కోసం చెక్కతో కట్టిన నారోబోట్లలో అదే ఆఖరిది. ప్రభుత్వం కాలువలను విహారానికి పనికివచ్చే ఆస్తిగా గుర్తించిన రవాణా చట్టం 1968లో వచ్చింది. అంటే సరుకు ఆగడం, విహారం అధికారికం కావడం రెండేళ్ల తేడాతో జరిగాయి. పాత పడవలు కొన్నవారు ఈ సందులోంచే వచ్చారు: ఉపాధ్యాయులు, ఫిట్టర్లు, ఉద్యోగం మానేసిన కుర్రాళ్లు. డబ్బున్నవాళ్లు తక్కువ.

ఏది అసలు పడవ?

పడవను కాపాడడమంటే ఏమిటన్న దానిమీద పాత పడవల లోకంలో తెగని తగాదా ఉంది. వందేళ్ల చెక్కపడవలో మొదటి పలకలు సాధారణంగా మిగలవు. పనిలో ఉన్న రోజుల్లోనే పదేళ్లకో ఇరవై ఏళ్లకో డాకులోకి లాగి, పక్కలు, అడుగు మార్చేసేవారు. కాబట్టి ‘అన్నీ మార్చేశారు, ఇది కొత్త పడవే’ అనే విమర్శ చెక్కపడవల విషయంలో అంతగా నిలవదు. మార్చడం పడవ జీవితంలో భాగమే. 2000ల మొదట్లో రేమండ్‌ను దాదాపు మళ్లీ కట్టినంత పని చేశారు. దాన్ని ఎవరూ నకలు అనరు. గీతలు, కొలతలు, కట్టే పద్ధతి, నిరంతరంగా వచ్చిన యాజమాన్యం, ఇవన్నీ కలిస్తేనే ఆ పేరు నిలుస్తుంది.

ఇనుప పడవల దగ్గర ప్రశ్న కాస్త పదునెక్కుతుంది. 1960లు, 70లలో ఎన్నో పడవలను అడ్డంగా కోసి యాభై, నలభై అడుగులకు కుదించారు. పూర్తి నిడివి పట్టని లాకులున్న కాలువలకు పోవాలన్నది ఒక కారణం, మూరింగు అద్దె అడుగుల లెక్కన ఉండడం ఇంకొకటి. కొన్నిచోట్ల ఒక పడవ ముందుభాగం, వెనకభాగం రెండు పడవలయ్యాయి, రెండిటికీ పాత పేరు మీద హక్కు ఉంది. సరుకు ఉంచే చోటంతా గదులు కట్టి ఇల్లుగా మార్చినవి ఇంకా ఎక్కువ. శుద్ధవాదులకు ఇది ఘోరం. నిజానికి గదులు కట్టకపోయి ఉంటే వాటిలో చాలావాటిని పాత ఇనుము వ్యాపారికి అమ్మేసేవారు. గదులు విప్పి మళ్లీ టార్పాలిన్ కప్పే వీలుంది. కోసేసిన పడవను కూడా కొత్త మధ్యభాగం పెట్టి పూర్తి నిడివికి అతుకుతున్నారు. కరిగించిన పడవ తిరిగి రాదు.

రంగుల విషయంలోనూ ఇదే గొడవ. గ్రాండ్ యూనియన్ పడవ ఒకటి 1937 పట్టాభిషేకం నాటి ఎరుపు, తెలుపు, నీలం వేసుకుంది. యుద్ధకాలంలో సాదా నీలంలోకి మారింది, 1948 తర్వాత ప్రభుత్వపు పసుపు, నీలంలోకి వచ్చింది. ఏ ఏడాది పడవను చూపించాలి? ఎక్కువమంది అందమైన రంగునే ఎంచుకుంటారు. అందువల్ల పండుగ రంగులున్న పడవలు అసలు ఉన్నవాటికన్నా ఇప్పుడే ఎక్కువ కనిపిస్తున్నట్టు తోస్తుంది. గులాబీలు, కోటల బొమ్మలు కూడా అంతే. కంపెనీ పడవ తలుపు మీద పొదుపుగా ఉండే చిత్రం కొందరి చేతుల్లో పడవంతా పాకింది.

బ్రిటన్‌లోని నేషనల్ హిస్టారిక్ షిప్స్ సంస్థ చారిత్రక నౌకల జాతీయ రిజిస్టరు నడుపుతుంది. యాభై ఏళ్లకు పైబడిన వయసు, 33 అడుగులకు తగ్గని నిడివి, బ్రిటన్‌తో సంబంధం, మూలరూపం చాలావరకు మిగిలి ఉండడం, ఇవి ప్రధాన షరతులు. రిజిస్టరులోని నౌకల్లో మరీ ముఖ్యమైనవాటిని నేషనల్ హిస్టారిక్ ఫ్లీట్ అనే ఉపజాబితాలో చేర్చారు. ఈ సంస్థ పుస్తకాల సారం సూటిగా ఉంటుంది: ముట్టుకునే ముందు కొలిచి, ఫొటో తీసి, రాసి పెట్టు. కాపాడలేని పడవను విప్పాల్సి వచ్చినా పద్ధతిగా నమోదు చేస్తూ విప్పమని చెప్పడానికి ఒక సంపుటమే కేటాయించారు. రిజిస్టరులో పేరుంటే గౌరవం, లైసెన్సు రుసుములో కొంత తగ్గింపు, గ్రాంటుకు దరఖాస్తు పెట్టినప్పుడు కొంత బలం దక్కుతాయి. సొంతదారు రేపు దాన్ని కోసేసినా ఆపే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

దీనిలో ఒక విడ్డూరం ఉంది. గ్లోస్టరు–షార్ప్‌నెస్ కాలువ పక్కన సెవర్న్ నది ఒడ్డు 1909లో కోతకు గురైంది. గట్టుకు దన్నుగా పర్టన్ దగ్గర పాత పడవలను తెచ్చి ఒడ్డెక్కించడం మొదలుపెట్టారు. దశాబ్దాల్లో 80కి పైగా చేరాయి. వాటిలో హ్యారియెట్ అనే సరుకు పడవ శిథిలానికి రక్షిత కట్టడం హోదా ఉంది. నేలలో కూరుకుపోయిన పడవకు చట్టం తోడుంది, తేలుతున్నదానికి లేదు.

సొంతం చేసుకోవడం

ఇంగ్లండు లోతట్టు జలమార్గాల పడవలకు మన భూముల్లాగా పట్టా రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అమ్మకపు పత్రం, పాత రసీదులు, లైసెన్సు వరస, ఇవే యాజమాన్యానికి రుజువు. కొనేవాడు మొదట చేయాల్సింది పడవను డ్రైడాకులోకి ఎక్కించి సర్వే చేయించడం. ఇనుప పక్కల మందాన్ని అల్ట్రాసోనిక్ పరికరంతో అడుగడుక్కీ కొలుస్తారు. నాలుగు మిల్లీమీటర్ల కన్నా పలచబడిందంటే బీమా కంపెనీలు మొహం చాటేయడం మామూలు. చెక్కపడవైతే సర్వేయరు సుత్తితో తట్టి, మొనతో పొడిచి చూస్తాడు. చెక్కపడవకు బీమా దొరకడమే కష్టం.

2012 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో దాదాపు 2,000 మైళ్ల జలమార్గాలు కెనాల్ అండ్ రివర్ ట్రస్టు అధీనంలో ఉన్నాయి. దాని లైసెన్సుకు బీమా, పడవ భద్రతా ధ్రువపత్రం ఉండాలి. గ్యాసు, ఇంధనం, కరెంటు ఏర్పాట్లు పరీక్షించి ఇచ్చే ఆ పత్రాన్ని నాలుగేళ్లకోసారి తాజా చేయించాలి. స్థిరమైన మూరింగు లేనివారు 1995 చట్టం ప్రకారం మామూలుగా ఒకే చోట 14 రోజులకు మించి ఉండకుండా కదులుతూ ఉండాలి. ఉద్యోగం, పిల్లల బడి ఉన్నవారికి ఇది కఠినం. డెబ్బై అడుగుల పడవకు మూరింగు దొరకడం ఇంకా కఠినం, అద్దెలు అడుగుల మీదే కదా.

ఖర్చు ఎప్పుడూ కంటికి కనిపించని చోటే ఉంటుంది. రెండు మూడేళ్లకోసారి పడవను నీళ్లలోంచి తీసి, గీకి, అడుగంతా బిట్యుమెన్ పూయాలి. ఒడ్డు కరెంటుకు కలిపిన పడవలో ఐసొలేటరు లేకపోతే, పక్క పడవలతో ఏర్పడే విద్యుత్ వలయం చాలా వేగంగా ఇనుమును తినేస్తుంది. ఎల్మ్ అడుగున్న ఇనుప పడవకు ఇంకో చిక్కు: 1970లలో డచ్ ఎల్మ్ రోగం బ్రిటన్‌లో కోట్లాది ఎల్మ్ చెట్లను చంపింది. పాత పడవల మీద జనానికి ప్రేమ పుట్టిన దశాబ్దంలోనే వాటి అడుగుకు కావలసిన చెట్టు మాయమైంది. చాలామంది స్టీలు అడుగు వేయించుకున్నారు. ఇది పడవ బరువును, నీళ్లలో కూర్చునే తీరును మారుస్తుంది.

పలచబడిన పక్కల మీద కొత్త స్టీలు రేకు వెల్డింగు చేయడం అన్నింటికన్నా చవకైన వైద్యం. పాత కోటు మీద కొత్త కోటు తొడిగినట్టు. రివెట్లు కనిపించవు, రెండు రేకుల మధ్య నీరు చేరితే తెలియదు, పడవ వెడల్పు పెరుగుతుంది. ఏడడుగుల లాకులో ఆ పెరుగుదల ప్రాణాంతకం. అసలే వయసు మీదపడ్డ పడవల పక్కలు బయటికి ఉబ్బుతాయి. అందుకే సరుకు చోటులో అడ్డంగా గొలుసులు కట్టి బిగిస్తారు. మరోవైపు కొన్ని లాకుల గోడలు లోపలికి జరుగుతున్నాయి. లాంగోలెన్ కాలువ మొదట్లోని హర్ల్‌స్టన్‌లో ఇలా జరిగి, చాలా పాత పడవలు ఆ కాలువలోకి పోలేకపోయాయి. చివరికి లాకును విప్పి తిరిగి కట్టాల్సి వచ్చింది. పడవను కాపాడాలంటే కాలువనూ కాపాడాలి. పూడిక తీయని కాలువలో మూడడుగుల లోతు కోరే పాత పడవ నేలకు రాసుకుంటూ పోతుంది, తేలికపాటి కొత్త పడవకు ఆ బాధే తెలియదు.

రివెట్లు తీసి, చెడిన రేకు మేరకే మార్చి, కాల్చిన రివెట్లతో మళ్లీ బిగించడం సరైన పద్ధతి. దీనికి వెల్డింగుకన్నా ఎన్నో రెట్లు ఖర్చవుతుంది, చేసేవారు కొద్దిమంది. బోలిండరు నడపడం, ఓకు పలక వంచడం, కాన్వాసుకు తాడు కుట్టడం, ఏ పుస్తకమూ ఇవి పూర్తిగా నేర్పదు. యుద్ధకాలంలో పడవలు నడిపిన మహిళా కార్మికులు, చివరితరం పడవ కుటుంబాలు చెప్పిన జ్ఞాపకాలు, రికార్డింగులు ఈ విషయంలో పడవలంత విలువైనవి.

మ్యూజియమా, నీళ్లా?

చెక్కపడవను కప్పు కిందికి తెస్తే ఎండి పలకల సందులు విచ్చుతాయి. నీళ్లలో ఉంచితే కుళ్లుతుంది. ఈ రెండు చెడుగుల మధ్య మ్యూజియాలు సతమతమవుతున్నాయి. ఎల్స్‌మేర్ పోర్ట్‌లోని జాతీయ జలమార్గాల మ్యూజియం 1976లో పెద్ద ఆశలతో మొదలై, చేరదీసిన పడవలన్నిటికీ మరమ్మతు డబ్బు దొరక్క అవస్థ పడింది. అక్కడి ఫ్రెండ్‌షిప్ అనే గుర్రపు పడవ మాత్రం లోపల పొడినేల మీద ప్రదర్శనలో ఉంది. దాని యజమాని జో స్కిన్నర్, సొంత పడవ గల చివరి పడవవాళ్లలో ఒకడు. దాన్ని లాగింది గుర్రం కాదు, కంచరగాడిద. ఆ పడవ మళ్లీ తేలదు, కానీ కుళ్లదు కూడా. ఒక తరం ముగింపుకు సాక్ష్యంగా దాన్ని అలా ఉంచడం సబబే. ప్రతి పడవకూ ఆ మందు పనికిరాదు.

1909లో కట్టిన ఆవిరి పడవ ప్రెసిడెంట్ ఇందుకు ఎదురు ఉదాహరణ. ఆవిరి తీసేసి డీజిలు పెట్టి, చివరికి పనికిరాకుండా పోయిన దాన్ని 1970లలో ఉత్సాహవంతులు కొని, మళ్లీ ఆవిరితో నడిపించారు. ఇప్పుడది డడ్లీలోని బ్లాక్ కంట్రీ మ్యూజియం ఆస్తి. స్వచ్ఛంద మిత్రబృందం దాన్ని నడుపుతుంది, జతగా కిల్డేర్ వెళుతుంది. 1906 నాటి శాటర్న్ కథా అంతే. రాత్రింబవళ్లు గుర్రాలు మారుస్తూ జున్ను మోసిన ష్రాప్‌షైర్ యూనియన్ వేగపడవల్లో మిగిలింది ఇదొక్కటే. ఒక సంఘం దాన్ని బాగుచేసి తిరిగి నీళ్లలోకి దింపింది. 1854లో మార్పుల్‌లో కట్టిన మరియా అన్నింటికన్నా పాతది, దాన్ని ఇటీవలి కాలంలోనూ గుర్రంతో లాగారు. ఆష్టన్‌లోని వుడెన్ కెనాల్ బోట్ సొసైటీ 1914 నాటి హేజెల్‌ను బాగుచేసి, మనసు అలసినవారు కొంతసేపు గడిపే పడవగా మార్చింది.

సొంతదారుల్లో కొందరు తెలివైన దారి పట్టారు: పడవకు పాత పనే ఇచ్చారు. కాలువల మీద కాపురం ఉండేవారికి బొగ్గు, డీజిలు, గ్యాసు బండలు పడవ మీదే తెచ్చి అమ్ముతున్నారు. పాత పడవను బరువుతో నడవడానికి మలిచారు, ఖాళీగా ఉంటే ముక్కు పైకి లేచి గాలికి పక్కకు పోతుంది. పాతిక టన్నులు కాకపోయినా పది టన్నుల బొగ్గు పడితే అది మళ్లీ తన తీరులో ఈదుతుంది. మ్యూజియం చేయలేని సంరక్షణ ఇది.

ఇతర కాలువలు, మన కాలువలు

నెదర్లాండ్స్‌లో పాత సరుకు పడవల్లో కాపురం ఉండడం మామూలు. అక్కడి యజమానుల సంఘం 1974 నుంచి పనిచేస్తోంది. కేరళలో మేకులు లేకుండా కొబ్బరితాళ్లతో పలకలు కుట్టిన ధాన్యపు పడవలు రోడ్ల దెబ్బకు మూలపడ్డాయి. అలప్పుజ పర్యాటకం 1990లలో వాటిని తేలే వసతిగృహాలుగా మార్చింది. పడవ కట్టే పనివాళ్లకు మళ్లీ పని దొరికింది, పాత రూపం మాత్రం చాలా మారింది.

తెలుగు డెల్టాల సంగతి వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన ఆర్థర్ కాటన్ కాలువలను సాగుకు ఎంతో రవాణాకూ అంతే అనుకున్నాడు. రైళ్లకన్నా పడవ దారులే భారతదేశానికి మేలని జీవితాంతం వాదించాడు. కాకినాడ నుంచి ఏలూరు కాలువ, కృష్ణా, బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు దాకా పడవ పోయేది. పాలగుమ్మి పద్మరాజు కథ ‘పడవ ప్రయాణం’ చదివినవారికి ఆ ప్రపంచం కొత్త కాదు. తుపాన్లు, రైళ్లు, లారీలు కలిసి ఆ రాకపోకలను ఆపేశాయి. 2008లో ఈ దారిని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు గానీ, పాత పడవల్ని నమోదు చేసే పని అందులో లేదు. లాకులు చాలాచోట్ల ఇంకా నిలిచే ఉన్నాయి. ధవళేశ్వరంలో కాటన్ పేరిట మ్యూజియం ఉంది. డెల్టాలో ఎవరి దొడ్లోనైనా, ఏ రేవులోనైనా పాత రవాణా పడవ చట్రం మిగిలి ఉంటే కనీసం కొలతలు తీసి, ఫొటోలతో అక్కడికి చేర్చడం ఇప్పటికీ చేయగల పని.

చూడాలనుకునేవారికి

బ్రిటన్‌లో ఉన్న తెలుగువారికి ఈ పడవలు దూరం కాదు. బర్మింగ్‌హామ్ దగ్గర్లోనే డడ్లీ మ్యూజియం ఉంది. లండనుకు ఉత్తరాన స్టోక్ బ్రూయర్న్‌లో 1963 నుంచి కాలువ మ్యూజియం నడుస్తోంది. పాత పడవలు ఒకేచోట బారులు తీరేది బ్రాన్‌స్టన్‌లో, జూన్ చివర జరిగే చారిత్రక నారోబోట్ల ర్యాలీలో. మ్యూజియాల వేళలు శీతాకాలంలో తగ్గుతాయి గనుక బయలుదేరే ముందు కనుక్కోవాలి. పడవ యజమాని కనిపిస్తే ఇంజను గురించి అడగండి, గదిలోకి మాత్రం పిలిస్తేనే వెళ్లండి. అది అతని ఇల్లు.